జూన్ నెల ఫీజు ఎవరిది?

నా సీరియల్ నవల చివరి భాగం అచ్చయిన మూడో వారం పత్రికాఫీసు నుంచి ఉత్తరాల కట్ట వచ్చింది. మెచ్చుకున్నవాళ్లు మెచ్చుకున్నారు. "మీ హీరోయిన్ని కాస్త సర్దుకుపొమ్మని చెప్పలేకపోయారా?" అని కోప్పడ్డవాళ్లు కోప్పడ్డారు. ఇవన్నీ నాకు అలవాటే. అడుగున ఉన్న ఒక ఉత్తరం మాత్రం నన్ను చాలాసేపు కుర్చీలోంచి లేవనివ్వలేదు.

"అమ్మా! మీ రాధ ఆఖరి అధ్యాయంలో పిల్ల చెయ్యి పట్టుకుని గుమ్మం దిగి వెళ్లిపోయింది. చదువుతుంటే ఒళ్లు పులకరించింది. కానీ అది మార్చి నెల. జూన్‌లో ఆ పిల్ల స్కూలు ఫీజు ఎవరు కట్టారో రాయలేదేం?"

నిజమే మరి! రాధ ఆత్మాభిమానం గురించి ఇరవై వారాలు రాశాను. ఫీజు సంగతి నాకు తట్టనే లేదు.

ఉత్తరం రాసినావిడ కథ తర్వాత పేజీలో ఉంది. ఆవిడది చిన్న ఉద్యోగం. ఆయన ఇంజనీరు. ఇద్దరూ ఒప్పుకునే విడాకులు తీసుకున్నారు. పాప తల్లి దగ్గరే. డిక్రీలో నెలకింత అని ఒక అంకె రాసుకున్నారు గానీ స్కూలు మాట రాసుకోలేదు. పాప ఐదో తరగతి. ఎల్.కె.జి.లో ఆ కాన్వెంటులో చేర్పించింది తండ్రే. ఇప్పుడేమో, "గవర్నమెంటు బడిలో చదువు ఉచితం. కాన్వెంటే కావాలంటే నువ్వే కట్టుకో" అంటున్నాడట. స్కూలువాళ్లు ఫీజు చీటీ పాప చేతికే ఇస్తారు. "నాన్నకి చెప్పు" అంటుంది తల్లి. పాప ఫోన్ చేస్తే "అమ్మనడుగు" అంటాడు తండ్రి. ఒక టర్ములో ఆ చీటీ అసలు ఇంటికే రాలేదు. మూడు వారాల తర్వాత పాప కంపాసు బాక్సులో, నాలుగు మడతలు పెట్టి, పెన్సిళ్ల కింద దొరికింది.

"ఎందుకు దాచావే?" అని అడిగితే, "చూపిస్తే మళ్లీ పోట్లాడుకుంటారు కదమ్మా" అందట.

ఆ వాక్యం చదివాక నాకు కాఫీ సయించలేదు. రాజమండ్రిలో మా పెదనాన్నగారి దగ్గరికి బయల్దేరాను. ఆయన ఒకప్పుడు పేరున్న ప్లీడరు. ప్రాక్టీసు మానేసి చాలా కాలమైంది గానీ గదినిండా లా పుస్తకాలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిమీద దుమ్ము ఉండదు. అది మా దొడ్డమ్మ చలవ.

"పెదనాన్నా, విడిపోయిన మొగుడూ పెళ్లాల పిల్లకి కాన్వెంటు ఫీజు ఎవరు కట్టాలి?" అన్నాను, చెప్పులు విప్పుతూనే.

"ఇప్పటి సంగతా, మా తాతల నాటి సంగతా?"

"రెండూ చెప్పండి."

"అయితే మీ దొడ్డమ్మని కాఫీ పెట్టమను. ఇది రెండు మూడు పూటల్లో తెమిలేది కాదు" అన్నారు. అన్నట్టే మూడు రోజులున్నాను. అక్కడ విన్నదీ, ఆ పుస్తకాల్లో తిరగేసి చూసుకున్నదీ మీకు చెబుతాను. చట్టం అనగానే పేజీ తిప్పేయకండి. ఇది మన పిల్లల పలకా బలపం కథే!

మా తాతల కాలంలో ఈ ప్రశ్నే లేదు. వీధిబడి పంతులుగారికి ఇంటికింత బియ్యమో, నాలుగు డబ్బులో. దసరాకి పిల్లలు పూలబాణాలు పట్టుకుని పంతులుగారి వెంట ఇల్లిల్లూ తిరిగితే పిల్లలకి పప్పూ బెల్లమూ, అయ్యవారికి సంభావనా దక్కేవి. మొగుడు వదిలేసిన ఆడపిల్ల పుట్టింటికి చేరితే ఆ పిల్లల్ని మేనమామలే చదివించేవారు. అదీ లేనివాళ్లు వారాలు చెప్పుకుని, రోజుకొక ఇంట్లో అన్నం తిని చదువుకునేవారు. ఆ అన్నంలో ప్రేమా ఉండేది, దెప్పుపొడుపూ ఉండేది. కులపెద్దల ముందు విడిపోయే ఆచారం మనలో ఎన్నో కులాల్లో పూర్వం నుంచీ ఉంది గానీ, శాస్త్రోక్తంగా పెళ్లాడిన పై కులాల ఆడదానికి విడాకులన్న మాటే లేదు. తండ్రి బాధ్యత ఎంత అని నిలదీసి అడిగే చోటు కూడా లేదు.

"ఇంగ్లండులో దొరల సంగతి మనకంటే మెరుగనుకున్నావా?" అంటూ పెదనాన్నగారు బ్లాక్‌స్టన్ పేరు ఎత్తారు. ఆయన ఇంగ్లీషు చట్టాలకు భాష్యం రాసిన పండితుడు. 1765లో అచ్చయిన మొదటి సంపుటంలో తల్లిదండ్రుల విధులు మూడని చెప్పాడు: పోషణ, రక్షణ, విద్య. హోదాకు తగిన చదువు చెప్పించడం అన్నిటికన్నా ముఖ్యమైన విధి అంటూనే, ఆ విధిని బలవంతంగా చేయించే చట్టం మాత్రం సరిగ్గా లేదని ఒప్పుకున్నాడు. 'హోదాకు తగిన' అన్న మాటని మాత్రం కొంగున ముడివేసుకోండి. మళ్లీ వస్తుంది.

ఆ దేశంలోనే కరొలిన్ నార్టన్ అనే రచయిత్రి ఉండేది. 1808లో పుట్టింది. కవిత్వమూ, నవలలూ రాసి పేరు తెచ్చుకుంది. 1836లో భర్త జార్జి నార్టన్ ఆవిడకీ, అప్పటి ప్రధానమంత్రి మెల్‌బోర్న్ ప్రభువుకీ సంబంధం అంటగట్టి కోర్టుకెక్కాడు. జ్యూరీ నమ్మలేదు. దావా పోయింది. అయినా ముగ్గురు కొడుకులూ తండ్రి చేతుల్లోనే ఉండిపోయారు. పిల్లల మీద తండ్రి హక్కుకి తిరుగులేదు. అంతేనా? ఆవిడ రాసి సంపాదించుకున్న డబ్బు మీద కూడా చట్టప్రకారం హక్కు భర్తదే! ఆవిడ ఊరుకోలేదు. కరపత్రాలు రాసింది, పార్లమెంటు సభ్యుల్ని కదిలించింది. 1839లో చట్టం వచ్చింది. ఏడేళ్లలోపు పిల్లల్ని తన దగ్గర ఉంచుకోవడానికీ, అంతకన్న పెద్దవాళ్లని చూడడానికీ తల్లి కోర్టుని అడగవచ్చంది. కానీ భర్త పిల్లల్ని స్కాట్లండులో పెట్టాడు. ఆ చట్టం అక్కడ చెల్లదు. 1842లో చిన్నకొడుకు గుర్రం మీంచి పడిన గాయంతో పోయాడు.

ఈ కథ దగ్గర నేను ఆగిపోయాను. సాటి నవలా రచయిత్రిని కదా! నేను రాసిన దాని మీద వచ్చే నాలుగు డబ్బులూ నావే అనుకోవడానికి వెనక ఎంతమంది కళ్లనీళ్లున్నాయో!

తర్వాత 1857లో ఇంగ్లండులో విడాకుల కోర్టు పెట్టారు. ఆ చట్టంలో ఒక వాక్యం ఉంది. విడిపోతున్నవాళ్ల పిల్లల 'సంరక్షణ, పోషణ, విద్య' గురించి కోర్టు తనకు న్యాయమని తోచినట్టు ఉత్తర్వులివ్వవచ్చు. ఆ మూడు మాటలూ ఓడెక్కి మన దేశానికి వచ్చాయి. 1869లో మన దేశంలో క్రైస్తవుల కోసం చేసిన విడాకుల చట్టంలో అవే మూడు మాటలు. మళ్లీ 1955లో మన హిందూ వివాహ చట్టం 26వ సెక్షనులో అవే మూడు మాటలు. ఒక మెలిక మాత్రం కొత్తగా చేరింది. వీలైనంతవరకు పిల్లల ఇష్టాన్ని కూడా చూడాలంది మన చట్టం.

"అంటే విద్య 1869 నుంచీ ఉంది కదా, మరి గొడవేమిటి?" అన్నాను.

"ఉన్నది విడాకుల కోర్టుకెళ్లేవాళ్లకి. సామాన్యుల సంగతి చూడు" అంటూ ఇంకో పుస్తకం తీశారు.

సామాన్యులు వెళ్లేది మేజిస్ట్రేటు దగ్గరికి. 1861 నాటి మొదటి క్రిమినల్ ప్రొసీజరు కోడు నుంచీ భార్యాపిల్లలకి మనోవర్తి ఇప్పించే అధికారం ఆయనకి ఉంది. పిల్లల్ని పస్తులుంచి వీధిన పడేయకుండా చూడడం దాని ఉద్దేశం. 1898 కోడులో అది 488వ సెక్షను. ఎంత ఇప్పించవచ్చు? మొత్తం మీద నెలకు 50 రూపాయలకి మించకూడదు. 1923లో దాన్ని 100 చేశారు. 1955లో 500. 1974 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కోడులో సెక్షను నంబరు 125 అయింది గానీ అంకె 500 దగ్గరే ఉంది. ఆ సెక్షనులో 'విద్య' అన్న మాట వెతికినా కనబడదు.

కాఫీ గ్లాసులు తీయడానికొచ్చిన దొడ్డమ్మ ఇదంతా విని, "అయితే బియ్యం కొలిచారు గానీ పలక కొనలేదన్నమాట!" అంది.

నేనూ పెదనాన్నగారూ మొహమొహాలు చూసుకున్నాం. మూడు రోజులు మేం చదివింది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది.

ఆ 'మొత్తం మీద' అన్న మాట మీద కూడా పెద్ద తగాదా నడిచింది. మొత్తం మీద 500 అంటే తల్లీ పిల్లలూ అందరికీ కలిపి 500 అని భర్తల వాదన. 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యరు అది కాదన్నారు. ఒక మనిషికి తిండీ బట్టా వగైరా అన్ని పద్దులూ కలిపితే 500 అని అర్థం, ఇంటిల్లిపాదికీ కలిపి కాదు అని తేల్చారు. ఆ 500 గీత పూర్తిగా చెరిగిపోవడానికి 2001 దాకా పట్టింది. ఇప్పుడు, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 144వ సెక్షను. గరిష్ఠం అన్నది లేదు. తల్లికి భరణం విషయంలో వేరే నియమాలున్నా, ముస్లిం తండ్రి కూడా మైనరు పిల్లల్ని ఈ సెక్షను కింద పోషించి తీరాలని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది.

పలక మాత్రం 1956లో కొన్నారు. ఆ ఏడాది వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టంలో 'మనోవర్తి' అంటే ఏమిటో విప్పి చెప్పారు. తిండి, బట్ట, నివాసం, విద్య, వైద్యం. పెళ్లికాని కూతురికైతే పెళ్లి ఖర్చు కూడా. చదువు అన్నం పక్కన పీట వేసుకుని కూర్చుంది! ఎంత ఇవ్వాలో తేల్చేటప్పుడు మొట్టమొదట చూడమన్నది ఉభయుల స్థితినీ హోదానీ. మీరు కొంగున ముడివేసుకున్న మాట ఇదే. కాన్వెంటు ఫీజు కోర్టులోకి వచ్చింది ఈ తలుపులోంచే. కలిసి ఉండి ఉంటే ఆ బిడ్డ ఎలాంటి బడిలో చదివేదో విడిపోయాక కూడా ఆలోచించాలి కదా. తల్లీతండ్రీ తగువు పడ్డంత మాత్రాన బిడ్డ హోదా తగ్గుతుందా?

అదే చట్టం 20వ సెక్షనులో ఇంకో చిన్న మాట ఉంది. పిల్లల్ని పోషించే బాధ్యత 'అతనిది లేక ఆమెది' అని. మగవాడితో పాటు ఆడదాన్నీ చేర్చారు. మొదట నాకు ఒళ్లు మండింది. తర్వాత అదే ఏడాది వచ్చిన వారసత్వ చట్టం గుర్తొచ్చింది. హిందూ స్త్రీ తన ఆస్తికి సంపూర్ణ హక్కుదారు అయింది కూడా 1956లోనే. హక్కు వచ్చిన సంవత్సరమే బాధ్యతా వచ్చింది. కరొలిన్ నార్టన్‌కి సంపాదన తనది కాదు, పిల్లలూ తనవాళ్లు కాదు. మనకి రెండూ మనవయ్యాయి. అలాంటప్పుడు సగం బిల్లు చూసి మొహం తిప్పుకోవడం న్యాయం కాదేమో!

ఇక్కడ మా రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయమ్మగారిని తలుచుకోకుండా ఉండలేను. 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారికి ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లిలోంచి బయటికొచ్చేశారు. ఇంగ్లీషు మీడియం రుద్దుతున్నారని చిన్నతనంలో బడి మానేసి, ఇదే ఊళ్లో ఆడపిల్లలకి హిందీ పాఠశాల పెట్టారు. 1953లో చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చి, మన దేశంలోనూ అలాంటివి కావాలని నెహ్రూగారితో, పెద్ద పెద్ద జడ్జీలతో మాట్లాడారు. ఇంటి తగువుని దొంగతనం కేసులాగా, పొలం గట్టు తగాదాలాగా విచారించకూడదన్నది ఆవిడ తపన. ఆవిడ 1981లో వెళ్లిపోయారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది.

ఇక దగ్గరి కాలానికి వద్దాం. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే ఎవరి వాటా ఎంత? 2000లో ఇలాంటి కేసే సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఇద్దరు మగపిల్లలు. ఒక్కొక్కరికి నెలకు 3,000 రూపాయలు కావాలని తేల్చి, తండ్రి రెండు పాళ్లు, తల్లి ఒక పాలు భరించమన్నారు. ఎవరి జీతాన్ని బట్టి వారిది. 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇంకా వివరంగా చెప్పింది. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రి భరించాలి. తల్లికి తగినంత సంపాదన ఉంటే ఇద్దరూ దామాషాలో పంచుకోవచ్చు. ట్యూషన్లూ, కోచింగులూ కూడా లెక్కలోకి తీసుకోవాలి, కానీ ఆడంబరానికి పోకూడదు. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రం మీద రాసివ్వాలి.

మన భాషలో చెప్పాలంటే: ఆయనకి నెలకు 60,000, ఆమెకి 30,000 వస్తాయనుకోండి. బడి ఫీజు ఏడాదికి 90,000 అయితే ఆయన 60,000, ఆమె 30,000. కూరగాయల లెక్కంత సులువు! మరి ఇంత సులువైన లెక్క ఇన్ని ఇళ్లలో ఎందుకు తెగదు?

ఎందుకంటే అది ఫీజు లెక్క కాదు కనుక. "నన్ను కాదని వెళ్లింది కదా, తెలిసిరానీ" అని ఆయన. "ఆయన్ని పిండకపోతే నా కసి తీరదు" అని ఆమె. తప్పంతా మగవాళ్లదే అనను. తండ్రిని ఒక్కమాట అడగకుండా రెట్టింపు ఫీజు ఉన్న బడికి పిల్లని మార్చి బిల్లు మాత్రం పంపించినవాళ్లు నాకు తెలుసు. డబ్బు కట్టే తండ్రికి ప్రోగ్రెసు కార్డు చూపించనివాళ్లూ తెలుసు. ఫీజులో పాలు అడిగేవాళ్లం నిర్ణయంలోనూ పాలు ఇవ్వాలి కదా!

అటువైపు అన్యాయమూ తక్కువేం కాదు. 1984లో నవలా రచయిత్రి గీతా హరిహరన్ తన మైనరు కొడుకు పేర బాండ్లు కొనబోతే, తండ్రి సంతకం కావాలన్నారు. ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. తండ్రి బతికి ఉన్నా, బిడ్డ బాగోగులు తల్లే చూస్తుంటే ఆమే సహజ సంరక్షకురాలు కావచ్చని 1999లో తీర్పు వచ్చింది. ఆ తీర్పుకి ముందు ఎన్ని బడి దరఖాస్తుల మీద తల్లులు 'తండ్రి సంతకం' అన్న గడి చూసి నిట్టూర్చారో!

మూడో రోజు సాయంత్రం అసలు సంగతి అడిగాను. "పెదనాన్నా, ఈవిడ డిక్రీలో ఫీజు మాట రాసుకోలేదు. ఇక అంతేనా?"

"అంతే అని ఎవరన్నారే? 26వ సెక్షను మళ్లీ చదువు. డిక్రీ అయిపోయాక కూడా, అవసరమైనప్పుడల్లా పిల్లల సంగతి అడగవచ్చు. పాత ఉత్తర్వు మార్పించుకోవచ్చు. కేసు నడుస్తుండగా వేసే చదువు ఖర్చుల అర్జీనైతే, అవతలివాళ్లకి నోటీసు అందాక వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని 2001లో కలిపారు. మొగుడూ పెళ్లాల బంధానికి డిక్రీ ఉంటుంది గానీ, తండ్రీ బిడ్డలకి ఎక్కడైనా డిక్రీ ఉంటుందా?" అన్నారు.

ఇంటికొచ్చి ఆవిడకి ఇదంతా రాశాను. ఆఖరున ఒక్క మాట నాది కూడా చేర్చాను. 'కోర్టుకి వెళ్లండి, మధ్యవర్తుల ద్వారా మాట్లాడుకోండి, మీ ఇష్టం. కానీ ఆ చీటీ మాత్రం ఇకమీదట పాప చేత మోయించకండి.'

నాలుగు నెలల తర్వాత జవాబు వచ్చింది. అర్జీ వేశారు. నోటీసు అందాక ఆయనే మాట్లాడదామన్నాడట. ఇద్దరి జీతాల్నీ బట్టి వాటాలు వేసుకున్నారు. ఆయన ఫీజు, ఈవిడ బస్సూ పుస్తకాలూ. ఎవరిది వారు నేరుగా స్కూలాఫీసులోనే కడతారు. ఏడో తరగతి తర్వాత బడి మార్చాలా వద్దా అన్నది ఇద్దరూ కూర్చుని అనుకోవాలి. ప్రోగ్రెసు కార్డు రెండు కాపీలు. "ఆయన మీద కోపం పోలేదండీ. కానీ కోపానికీ ఫీజుకీ ఇప్పుడు వేరువేరు పద్దులు" అని రాసింది.

పాపకి ఇవేవీ చెప్పలేదట. ఫీజు చీటీ ఎందుకు రావడం లేదని ఒకసారి అడిగి, తర్వాత మర్చిపోయిందట.

నా నవల పుస్తకంగా వస్తోంది. రాధకి ఇంకో అధ్యాయం కలుపుతున్నాను. గుమ్మం దిగడం మార్చిలో అయిపోయింది కదా, ఇది జూన్ నెల అధ్యాయం. ఫీజు కట్టే కిటికీ దగ్గర వరసలో నిలబడిన రాధకి, తన ముందు నాలుగో మనిషిగా భర్త కనిపిస్తాడు. అక్కడిదాకా రాశాను. పలకరించుకుంటారా లేదా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఫీజు మాత్రం ఇద్దరిచేతా కట్టించేశాను.